కుదుపుమింగి మీద అత్తగారు

వరహాలమ్మ వెనక సీటెక్కగానే ఆమె అల్లుడు పైడిరాజు బండి క్షణం ఆలోచించి, రెండంగుళాలు దిగి, ఆమె ఎముకలకు తగినంత మెత్తబడింది. విజయనగరంలో ఇప్పుడు ప్రతి బండికీ కుదుపుమింగి ఉంది. ఎక్కినవాళ్ల బరువు, మోకాళ్ల అరుగుదల, నడుము పట్టు తెలుసుకొని స్ప్రింగులను తనే సవరిస్తుంది. దాన్ని నమ్ముకొని పట్టణంలో రోడ్లు బాగుచేయడం ఎప్పుడో మానేశారు.

భర్త పోయిన దగ్గర్నుంచి, ఏడాదిగా, వరహాలమ్మకు నిద్ర లేదు. ఆ చిరాకంతా అల్లుడి మీద చూపేది. రెండు నెలల కిందట కళ్లాసుపత్రికి వెళుతుంటే ఆమె తల అతని వీపు మీద వాలిపోయింది. ప్రాణం పోయిందనుకొని అతను బండి ఆపాడు.

"ఎందుకాపేసేవు? ఇప్పుడే కన్నంటుకుంది" అంది ఆమె.

అప్పటినుంచి రోజూ సాయంత్రం గంటసేపు ఆమెను కోట చుట్టూ తిప్పడం అతని పనయింది. వెనక మనిషి నిద్రపోతే హ్యాండిల్ దగ్గర నీలం దీపం వెలుగుతుంది. అది వెలగగానే పైడిరాజు నోరు విప్పేవాడు. తొమ్మిదేళ్లుగా అత్తగారితో అనలేకపోయినవన్నీ గుంతల మీద మెత్తగా సాగిపోతూ చెప్పుకొనేవాడు.

ఈమధ్య నాలుగు రోజులు దీపం వెలగలేదు. వెనక గురక మాత్రం వినిపిస్తూనే ఉంది. దీపం పాడైందనుకొని అతను మాటలు మానలేదు. ఐదో రోజు బండిని మెకానిక్ జిలానీకి చూపించాడు.

"దీపం బాగానే ఉంది బాబూ," అన్నాడు జిలానీ, కుదుపుమింగిలో నమోదైన లెక్కలు చూసి. "నిద్రోయే మనిషి మలుపు కాడ వాలిపోతాది. ఈవిడ నడుం బిగబట్టి కూకుంటన్నాది. నాలుగు రోజులూ మెలకువే."

పైడిరాజు ఆ నాలుగు రోజుల మాటలూ గుర్తుచేసుకున్నాడు. మొదటి రోజు ఆమె పులుసును తిట్టాడు. మూడో రోజు, మామగారికి డాక్టరును తేవడం ఆలస్యం చేశానని ఏడ్చాడు. నిన్న, మర్యాదలన్నీ ఆమె పెద్దల్లుడికేనని మొదలుపెట్టి, ఇల్లు రావడంతో ఆపాడు.

ఇంటికి వెళ్లేసరికి ఆమె చెప్పులేసుకొని అరుగు మీద కూర్చుని ఉంది.

"మీరు నిద్రపోవట్లేదంట గదత్తయ్యా" అన్నాడు తల దించుకొని.

"నా పులుసు నీళ్లలాగుంటాదా? రేపు నువ్వే ఒండు, తింటాను."

అంతలోనే ఆమె గొంతు తగ్గించింది.

"మీ మామ సంగతి నీ తప్పు కాదు బాబూ. గుండెల్లో నొప్పని గంటసేపు ఆయనే ఎవలికీ చెప్పలేదు. అది నీకు నేనైనా చెప్పవలసింది."

పైడిరాజు కళ్లు తుడుచుకున్నాడు. "మరి నిద్ర?"

"ఇప్పుడు ఇంట్లోనే పట్టేస్తంది."

"అయితే బండెక్కడం ఎందుకత్తయ్యా?"

"తొమ్మిదేళ్లకి నోరిప్పేవు, సగంలో మానేస్తే ఎలాగ?" అంటూ ఆమె వెనక సీటెక్కింది. "పద. నిన్న పెద్దల్లుడి కాడ ఆపేవు."