డెబ్భై ఒక్క సెంటీమీటర్లు

"సాయంత్రంలోగా నన్ను అరెస్టు చేస్తారట మేడం. గోడ కూలింది నా వల్లేనట!"

తలుపు తోసుకొచ్చిన ల్యాబ్ అమ్మాయి బూట్లకి ఇంకా సిమెంటు అంటుకునే ఉంది. డిటెక్టివ్ మేడం కుర్చీ చూపించింది. అసిస్టెంటు మంచినీళ్లిచ్చి నోట్‌బుక్ తీసింది.

కిందటి నెల పోసిన గోడ నిన్న కూలి మేస్త్రీ కాళ్లు రెండూ నుజ్జయ్యాయి. చూస్తే గోడ లోపలంతా డొల్ల. కుదిపి సర్దే వైబ్రేటర్ అక్కర్లేకుండా తనంతట తానే ఊచల సందుల్లోకి పారాల్సిన కాంక్రీటు మధ్యలోనే మొండికేసింది.

"టెస్టు చేసింది నువ్వేనా?"

"నేనే. ఇనప ప్లేటు మీద కోన్ పెట్టి, కాంక్రీటు నింపి పైకెత్తితే అది కనీసం అరవై అయిదు సెంటీమీటర్ల వెడల్పున పరుచుకోవాలి. యాభై నాలుగు దగ్గరే ఆగింది. లారీ వెనక్కి పంపమంటే ఇంజనీరు సార్ నోర్మూసుకోమన్నారు. ఇప్పుడేమో టెస్టు కాగితంలో డెబ్భై ఒకటని ఉంది!"

"కింద సంతకం?"

"నాదే. టైం కలిసొస్తుందని పొద్దున్నే ఖాళీ కాగితాల మీద పెట్టించేసుకుంటారు." కళ్లు తుడుచుకుంది. "అక్కడ దేనికీ దిక్కులేదు మేడం. టెస్టు ప్లేటు కూడా వెల్డరన్న ఓ ముక్క కోసి డ్రెయిన్ మీద వేసుకున్నాడు. మిగిలినదాని మీదే నెట్టుకొచ్చా."

అసిస్టెంటుకి ఒళ్లు మండిపోయింది. సంతకం అసలుదైతే ఈ పిల్లని బయటపడేసేదెలా?

మధ్యాహ్నం మేడం అందర్నీ సైటు షెడ్డులో కూర్చోబెట్టింది. ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు.

"ఆ టెస్టు మీరు చూశారా?" మేడం ఇంజనీరుని అడిగింది.

"చూడ్డమేంటి? టేపు కొస పట్టుకున్నదే నేను," అన్నాడు ఇంజనీరు. "గుండ్రంగా పరుచుకుంది. అటు కొలిచినా ఇటు కొలిచినా డెబ్భై ఒకటే."

"టెస్టు చేసింది ఈ ప్లేటు పైనేనా?"

"సైట్లో ఉన్నది అదొక్కటేగా!"

మేడం సైగ చేయగానే అసిస్టెంటు కొలిచింది. పొడుగు తొంభై. అడ్డం అరవై.

"మిగతా పదకొండు సెంటీమీటర్లూ గాల్లో నిలబెట్టారా సార్?"

"అది... తర్వాతెప్పుడో కోసుంటారు."

"గోడ పోయడానికి వారం ముందే కోశా," గయ్యిమన్నాడు వెల్డర్. "స్టోరు పుస్తకంలో తేదీ ఉంది. మీరు ల్యాబ్ గడప తొక్కితేగా తెలిసేది!"

"లారీ తిప్పి పంపితే ఆరోజు పని ఆగుతుంది," మేడం గొంతు పెంచలేదు కానీ మాట చురుక్కుమంది. "అందుకే పోయించేశావు. సంతకమున్న ఖాళీ కాగితంలో నచ్చిన అంకె రాసుకున్నావు. కళ్లతో చూడని టెస్టుకి సాక్షివయ్యావు."

"ఒక్క లారీయేగా మేడం..."

ల్యాబ్ అమ్మాయి లేచి అతని ముందుకొచ్చి నిలబడింది. "ఆ మేస్త్రీ రోజూ మీకు నమస్తే పెట్టేవాడు. ఆయన పేరేంటో చెప్పండి సార్."

ఇంజనీరు టేబుల్ మీది హాజరుపట్టీ కోసం చెయ్యి చాచాడు. ఇన్‌స్పెక్టర్ దాన్ని పక్కకి లాగేశాడు.