పై గదిలో గోపి

...అబద్ధం అనడానికి కూడా లేదు. "ఆ పేరుగలవాళ్ళు మా ఇంట్లో ఎవరూ లేరండీ" అన్నాడు, అంతే. రెండేళ్ళుగా ఈ ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదు. కాబట్టి ఎస్సై ఫోన్లో అడిగినదానికి తను చెప్పిన జవాబు, ఒక రకంగా చూస్తే... వెంకటేశ్వరరావు గడ్డం మీద సబ్బు నురగ ఆరిపోతోంది. 'ఒక రకంగా చూస్తే' అన్న చోటికి వచ్చేసరికి అద్దంలోని మనిషి చూపు పక్కకు తిప్పుకుంటున్నాడు.

"ఏవండీ, గోపి రాత్రి రాలేదు," అంది అమ్మాజీ వంటింట్లోంచి. "దండెం మీద బట్టలు అలాగే ఉన్నాయి."

"గజ్వేల్ వెళ్ళుంటాడు, వాళ్ళమ్మ దగ్గరికి."

"వెళ్తే చెప్పి వెళ్తాడండీ. మీకు చెప్పడేమో గానీ, నాకు చెప్పకుండా ఎన్నడైనా వెళ్ళాడా?"

కత్తి గడ్డం మీద నడుస్తోంది, ఆలోచన దాని వెనకాలే నడుస్తోంది.

గోపి అసలు పేరు గౌస్. శామీర్‌పేట అవతల ఒక మందుల కంపెనీ ల్యాబులో పని చేస్తాడు. రెండేళ్ళ కిందట పై గదికి పెట్టిన టులెట్ బోర్డు చూసి వచ్చినప్పుడు, నెమ్మదస్తుడని ఇద్దరికీ నచ్చాడు. పేరు వినగానే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అమ్మాజీయే దారి చూపింది. "కాలనీలో నాలుగు రకాలుగా అంటారు బాబూ. మేం గోపి అని పిలుస్తాం, మా చెల్లెలి కొడుకువని చెబుతాం. ఏమీ అనుకోవు కదా?"

"అనుకునేదేముందమ్మా! పేరు మంచిగనే ఉంది," అని నవ్వాడు కుర్రాడు. ఆ నవ్వును వెంకటేశ్వరరావు ఒప్పుకోలు అనుకున్నాడు. గదులు దొరక్క తిరిగి తిరిగి అలిసిపోయినవాడు కూడా అలాగే నవ్వుతాడని అప్పుడు తోచలేదు. తోచలేదా, తోచనివ్వలేదా?

పోయిన నెలలో నగరంలో బాంబులు పేలాక ఎస్సై కాలనీలో మీటింగు పెట్టాడు. ప్రెసిడెంటు ప్రతాప్ పక్కన, సెక్రటరీ హోదాలో వెంకటేశ్వరరావే మైకు పట్టుకున్నాడు. ఎవరూ లేని చోట సంచి కనిపిస్తే ముట్టుకోవద్దు, వెంటనే ఫోన్ చేయాలి. అద్దెకున్నవాళ్ళ వివరాలు స్టేషన్‌కి తెలియజేయాలి. పోలీసులకు మనమే కళ్ళూ చెవులూ. చప్పట్లు కొట్టారు. ఆ వారంలో అందరూ వివరాలిచ్చారు, అతను తప్ప. ఏమని ఇస్తాడు? మరదలి కొడుకు పేరు గౌస్ అనా?

నిన్న సాయంత్రం ఫోన్ వచ్చినప్పుడు అతను కాలనీ ఆఫీసు గదిలో ఉన్నాడు. ఎదురుగా ప్రతాప్ టీ తాగుతూ ఇటే చూస్తున్నాడు. ఆ చూపు ముందు నోట్లోంచి ఆ జవాబు దానంతటదే వచ్చింది. ఎవరో చెబితే తను విన్నట్టుగా.

గేటు చప్పుడైంది. కూతురు శ్రీలేఖ వెళ్ళి తీసింది. కానిస్టేబుల్ కుర్మయ్య.

"నమస్తే సార్. సెలవు దినం పరేషాన్ జేస్తున్న," అంటూ టోపీ తీశాడు. "గా పోరని ముచ్చటే. నిన్న శామీర్‌పేట బస్టాండ్ల సంచి బెంచి మీద పెట్టి చాయ్ తాగ పోయిండట. జనం జూసి మాకు ఫోన్ గొట్టిన్రు. సంచిల ఏం లేదు సార్, టిఫిన్ డబ్బ, రెండు అంగీలు. గంతే."

"మరి వదిలేయకపోయారా?" అంది అమ్మాజీ తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి.

"ఎట్లిడుస్తమమ్మా! పేరు గౌస్ అంటడు. కాలనీల గోపి అంటరంటడు. రెండు పేర్లున్నోణ్ణి ఈ దినాలల్ల ఎవలు ఇడుస్తరు? ఉండేది వెంకటేశ్వరరావు సార్ ఇంట్ల అన్నడు. సార్ లేడనె." కుర్మయ్య అతని వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నాకు అనుమానమొచ్చింది సార్. మీ పేరుతోని పక్క గల్లీల ఇంకెవలన్న ఉన్నరా? మీరు అబద్ధమాడే మనిషి గాదు గదా!"

ఆ నమ్మకం చెంపమీద కొట్టినట్టు తగిలింది. అయినా వెంకటేశ్వరరావు నోరు, "కనుక్కుంటాను," అంది.

"జల్దీ సార్. ఇంకొద్దిసేపైతే సిటీకి తోల్తరట. ఆడికి పోతే ఇగ మా చేతుల ఉండది."

కుర్మయ్య వెళ్ళాక ముగ్గురూ వరండాలో ఎక్కడివాళ్ళక్కడే ఉండిపోయారు.

"నిన్నే ఫోన్ వచ్చిందా నాన్నా?" అంది శ్రీలేఖ.

"వచ్చింది."

"వస్తే... రాత్రి మాతో కూర్చుని అన్నం తిన్నారు. చారు బాగుందన్నారు!"

"నీకు తెలీదు లేమ్మా. ప్రతాప్ ఎదురుగా ఉన్నాడు. ఇన్నాళ్ళూ అబద్ధం చెప్పామని తెలిస్తే కాలనీలో మన పరువు..."

"మీ పరువు మీ దగ్గరే ఉంది. అతనే స్టేషన్‌లో ఉన్నాడు."

"ఆ పేరు పెట్టింది మీ అమ్మ!" అని అరిచాడు. అరిచాక, ఆ అరుపు ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి తనే బిత్తరపోయాడు.

అమ్మాజీ కోప్పడలేదు. వరండా మెట్టు మీద కూలబడింది. "అవునండీ. నేనే పెట్టాను. ముద్దు పేరు పెట్టినట్టు పెట్టాను. నాకు జ్వరమొస్తే మందులు తెచ్చిన పిల్లాడు. వాడి పేరు నా నోటికి బరువైంది." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడా పేరే వాడి మెడకు చుట్టుకుంది. మీరు వెళ్ళకపోతే నేను వెళ్తాను. నాకు స్టేషన్ ఎక్కడో తెలీదు, అడుక్కుంటూ వెళ్తాను."

అతను చెప్పులు వేసుకున్నాడు. స్కూటర్ మీద దారి పొడుగునా మనసు కొత్త మాటలు అల్లుతూనే ఉంది. పొరపాటు పడ్డానని చెప్పొచ్చు. ఫోన్లో సరిగ్గా వినపడలేదని చెప్పొచ్చు. ప్రతి మాటా అందంగానే ఉంది. ప్రతి మాటలోనూ తను మళ్ళీ తప్పించుకుపోతున్నాడు.

స్టేషన్‌లో గౌస్ గోడవారగా బెంచి మీద కూర్చుని ఉన్నాడు. ఇతన్ని చూసి చటుక్కున లేచాడు గానీ, పలకరించలేదు. పరాయి మనిషిని చూసినట్టు చూపు దించుకున్నాడు. తనను కాపాడటానికే ఆ కుర్రాడు తనెవరో తెలియనట్టు నటిస్తున్నాడని వెంకటేశ్వరరావుకి ఒక క్షణం ఆలస్యంగా అర్థమైంది. అల్లిన మాటలన్నీ తెగిపోయాయి.

"ఈ అబ్బాయి మా ఇంట్లోనే అద్దెకుంటాడండీ," అన్నాడు ఎస్సైతో. "పేరు గౌస్. గోపి అని మేమే మార్చాం. మీకు నిన్న అబద్ధం చెప్పాను."

ఎస్సై చేతిలోని పెన్ను పక్కన పెట్టాడు. "సంచి చూసి ఫోన్ చేసినవాళ్ళు మంచి పని చేశారు సార్. మేం పట్టుకొచ్చి అడగటమూ మా పనే. మీరొక్క మాట నిజం చెబితే ఇతను రాత్రే ఇంటికెళ్ళేవాడు. ఊరు సాయం లేకుండా మేమేం చేయలేం. ఆ సాయమే అబద్ధమైతే ఎవర్ని నమ్మాలి?"

వెంకటేశ్వరరావు చూపించిన చోట సంతకం పెట్టి గౌస్‌ను విడిపించుకున్నాడు.

బయటికొచ్చాక గౌస్ అన్నాడు, "అంకుల్, నేను రూం ఖాళీ జేస్త. మీకెందుకు తక్లీఫ్."

"అమ్మాజీ ఏడుస్తోంది. ముందు ఇంటికి రా."

"అమ్మకు చెప్పకుంటె అయిపోతుండె గదా!"

"తప్పయిపోయింది గౌస్," అన్నాడు. ఆ పేరు అతని గొంతులో కరుగ్గా, కొత్తగా పలికింది. కుర్రాడు ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

స్కూటర్ మీద కాలనీ మలుపు దాకా వచ్చారు. అక్కడ గౌస్ భుజం తట్టి, "ఈడ దిగుత అంకుల్. మీరు ముందు పోన్రి," అన్నాడు. రెండేళ్ళుగా అలవాటు. ఎప్పుడైనా కలిసి వస్తే అక్కడే దిగి, అతను ఇంటికి చేరాక వెనక నడిచి వస్తాడు. అలా రమ్మని ఎవరూ చెప్పలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు.

ముందు కాలనీ ఆఫీసు వరండాలో ప్రతాప్, మరో నలుగురూ పేపర్లు చదువుతున్నారు. ప్రతాప్ తల పైకెత్తాడు.

వెంకటేశ్వరరావు ఇంజను ఆపి తనూ దిగాడు. స్కూటర్ తోసుకుంటూ, గౌస్ పక్కకు వచ్చేదాకా ఆగి, అతనితో కలిసి అడుగు వేశాడు.