మొద్దుకూ అత్తయ్యకూ ఒకటే జబ్బు

ఆ పొద్దున్న కోడలు కొలతల టేపు మొద్దు నడుముకు చుట్టి చూసి, సంతోషించాలో భయపడాలో తెలియక అలాగే కూర్చుండిపోయింది. మొద్దు అంటే మొగుడు కాదు, కుక్క. కాపురానికి వస్తూ కోడలు వెంట తెచ్చుకున్న లాబ్రడార్. "కుక్క నా గడప దాటి లోపలికి రాకూడదు" అని అత్తగారు మొదటి రోజే తేల్చి చెప్పింది. కుక్క గడప దాటింది కానీ, ఆ మాట కోడలి మనసులోంచి పోలేదు.

ఈ జాతి కుక్కలకు తిండి యావ ఎక్కువ, తుంటి కీళ్ళ బలం తక్కువ. చెవుల్లో చీము పట్టడమూ మామూలే. మొద్దు లేవలేక మూలుగుతుంటే, ముందు బరువు తగ్గించమన్నాడు పశువుల డాక్టరు. అందుకే ముందుగదిలో బట్టలు కుట్టే కోడలు వారం వారం టేపు పెట్టి చూస్తోంది. ఇన్నాళ్ళూ నడుము తగ్గినకొద్దీ మురిసిపోయింది. ఇప్పుడు మరీ తగ్గింది. పైగా గిన్నె అడుగు కూడా నాకి వదిలిపెట్టే మొద్దు, నిన్నటి నుంచి గిన్నె వైపే చూడటం లేదు.

"ఏమండీ, వీడికి ఎవరో ఏదో పెడుతున్నారు" అంది భర్తతో.

ఫ్రిజ్జులు బాగుచేసే భర్త పనిముట్ల సంచీ సర్దుకుంటున్నాడు. "ఎవరో ఎవరు? ఇంట్లో ఉన్నది ముగ్గురమే కదా."

"నేను చెప్పేదీ అదే."

అతనికి అర్థమైంది. అర్థం కానట్టు చెప్పులు వెతుక్కుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తితే మొద్దు లేదు. కత్తిరింపు బల్ల కింద రాలిన సుద్దపొడి మీద నడిచిన తెల్లటి పాదాల గుర్తులు మాత్రం ఉన్నాయి. అవి ఎటూ తిరక్కుండా నేరుగా అత్తగారి గదికే పోయాయి. తలుపు దగ్గరగా వేసి ఉంది.

కోడలు తోసేసరికి మొద్దు మూతి నాకుకుంటోంది. అత్తగారు గుప్పిట మూసి చెయ్యి వెనక్కి పెట్టుకుంది.

"వీడికేమైనా పెట్టారా అత్తయ్యా?"

"నేనా? కుక్కకా? నాకింకేం పనిలేదా అమ్మాయ్? బిస్కెట్టు ముక్కన్నా ముట్టించలేదు."

బిస్కెట్టు సంగతి ఎవరడిగారు? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆవిడ వ్యవహారం. మంచం దిగి గోడ పట్టుకుని కుంటుకుంటూ వంటింట్లోకి నడిచింది. ఈమధ్య ఆవిడ నడక బాగా పాడైంది. ఇంకోరోజైతే నొప్పి ఎక్కువైందా అని కోడలు అడిగేదే. ఇవాళ మాత్రం ఆ కుంటడం కూడా నటనలాగే కనిపించింది.

మర్నాడు పెరట్లో మొద్దు కక్కింది. మలం తారులా నల్లగా పడింది. ఆటోలో పడేసుకుని కోడలు డాక్టరు దగ్గరికి పరిగెత్తింది.

"కడుపులో పుండు పడి రక్తం కారుతోంది" అన్నాడు డాక్టరు. "మనుషులు వేసుకునే నొప్పిమాత్రలు కుక్కకు పెడితే తరచూ ఇలాగే అవుతుంది. మీ ఇంట్లో ఎవరైనా వాడుతున్నారా?"

కోడలికి అత్తగారి మూసిన గుప్పిట గుర్తొచ్చింది. వాడుతున్నది ఒక్కరే.

"బతుకుతాడా డాక్టరుగారూ?"

"ఇక్కడే ఉంచండి. రేపటిదాకా ఏమీ చెప్పలేను."

ఇంటికి వచ్చేసరికి ఆమె ఒక నిర్ణయానికి వచ్చేసింది. మొద్దు బతికితే వాడితో సహా పుట్టింటికి వెళ్ళిపోవడం, బతక్కపోతే ఒంటరిగా వెళ్ళిపోవడం. ఫోను చేసి భర్తను రప్పించింది. అతను అడకత్తెరలో పోకచెక్కలా ఇద్దరి మధ్యా నిలబడ్డాడు.

"వాడికి మీ మాత్రలు పెట్టారా లేదా? ఒక్క మాట చెప్పండి అత్తయ్యా."

అత్తగారు కొడుకు వైపు చూసింది. అతను నేల చూపులు చూశాడు.

"పెట్టాను."

"విన్నారా? వాడంటే మొదట్నుంచీ గిట్టదు ఈవిడకి. ఇష్టం లేకపోతే తెచ్చిన రోజే నన్ను గెంటేయాల్సింది. నోరు లేనివాడికి విషం పెడతారా?"

"విషమా?" అంది అత్తగారు. "విషమేంటమ్మా? నేనూ అదేగా వేసుకునేది."

ఆవిడ మాత్రల అట్ట తెచ్చి కోడలి చేతిలో పెట్టింది.

"వాడు పొద్దున లేవలేక ఏడుస్తుంటే నువ్వే నవ్వుతూ అన్నావు, మీకూ వాడికీ ఒకటే జబ్బు అత్తయ్యా, తుంటి జబ్బు అని. ఒకటే జబ్బయితే మందూ ఒకటేననుకున్నా. నాకున్న మాత్రలోనే సగం తుంచి బిస్కెట్టు ముక్కలో పెట్టి తినిపించేదాన్ని."

"మరి చెప్పొచ్చుగా అమ్మా?" అన్నాడు కొడుకు.

"ఏమని చెప్పనురా? గడప తొక్కనివ్వనన్నదాన్ని. ఇప్పుడు వాడు మంచం పక్కన లేకపోతే నిద్ర పట్టట్లేదని చెప్పనా?"

కోడలు చేతిలోని అట్ట వైపు చూసింది. సగం వాడికి. మరి ఈవిడకి? రోజూ ఈవిడ గోడ పట్టుకుని కుంటింది ఆ మిగతా సగం మాత్రతోనేనా? దాన్నేనా తను నటన అనుకుంది? తన అనుమానం తలుచుకుని ఆమెకు సిగ్గు ముంచుకొచ్చింది. తెలియక చేసినా వాడి ప్రాణం మీదికి తెచ్చిందన్న కోపమూ పోలేదు. రెండూ కలిసి ఏడుపొచ్చింది.

"పదండి, డాక్టరు దగ్గరికి వెళ్దాం."

"నేను రాను. నన్ను చూసి వాడు మొహం తిప్పుకుంటే తట్టుకోలేను."

ఎలాగో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళారు. సూది గుచ్చిన కాలు చాపుకుని మొద్దు కళ్ళు మూసుకుని ఉంది. వరండాలో అత్తగారి కుంటి అడుగుల చప్పుడు వినపడగానే, కళ్ళు తెరవకుండానే తోక నేలకేసి కొట్టింది. ఆవిడ అక్కడే చతికిలబడి, "నన్ను క్షమించరా నాయనా" అని వెక్కివెక్కి ఏడ్చింది. కోడలు కూడా పక్కనే కూర్చుని ఆవిడ భుజం పట్టుకుంది.

మొద్దు బతికింది. నీరసంగా, ఇంకో సైజు తగ్గి ఇంటికొచ్చింది. వాడి తుంటికి వాడి మందే డాక్టరు విడిగా ఇచ్చాడు.

ఆ సాయంత్రం కోడలు మంచినీళ్ళూ మాత్రా తీసుకెళ్ళి అత్తగారి చేతికిచ్చింది. మొద్దు అలవాటుగా వచ్చి మంచం పక్కన నోరు తెరుచుకుని కూర్చుంది. ఆవిడ వేళ్ళు, ఆవిడకు తెలియకుండానే మాత్రను మధ్యకు తుంచబోయాయి.

కోడలు ఆ వేళ్ళను తన చేత్తో మూసింది.

"మొత్తం వేసుకోండి అత్తయ్యా."