ఏమీ తెలియనివాడి ఫైకస్

పాండిచ్చేరి ఇందిరా నగర్‌లోని లోకనాథన్ నర్సరీకి గుణశేఖరన్ వెళ్ళింది కరివేపాకు మొక్క కోసం. వెనక పెరట్లో, నల్లసంచులను చీల్చుకుని నేలలోకి వేళ్ళు దించిన మర్రిజాతి పాత ఫైకస్ చెట్లను చూసి, ఫోనులో తల్లితో తెలుగులో అన్నాడు.

"ఈడ అన్నీ ముసలి చెట్లేమా. ఏనుగు కాళ్ళ మాదిరి ఉండాయి. అమ్మే పిల్లకు కూడా ఏం తెలిసినట్టు లేదు."

పాండిచ్చేరి బజారులో తెలుగు మాట్లాడితే ఎవరికీ అర్థం కాదని గుణశేఖరన్ ఉండే ఉప్పళం పేట తెలుగువాళ్ళకు ఒక నమ్మకం. ఆ నమ్మకం వల్ల ఊళ్ళో చాలా తగాదాలు వచ్చాయి. ఇదీ ఒకటి.

"ఆ పిల్లకు తెలుగు తెలుసన్నా," అంది లోకనాథన్ కూతురు యోగిత, చేతిలో నీళ్ళ గొట్టం కింద పెట్టకుండానే. "అవి ఏనుగు కాళ్ళు కాదు. కొన్ని నాకంటే వయసులో పెద్దవి."

గొట్టం అతని చెప్పుల మీదకు తిరిగింది. పొరపాటునే అని ఆమె తర్వాత చెప్పింది.

బెంచీ మీద కూర్చున్న లోకనాథన్ ఆ అబ్బాయిని పైనుంచి కిందకు చూశాడు. మొక్కల గురించి ఏం తెలుసని అడిగాడు. కరివేపాకు కూరలో వేస్తారని గుణశేఖరన్ చెప్పాడు.

లోకనాథన్ కూతురి వైపు తిరిగాడు. "మనం వెతికేవాడు దొరికినాడు."

సంగతేమిటంటే, అమ్ముడుపోని ఆ ఫైకస్‌లను నరికించి, ఆ చోట ప్లాస్టిక్ మొక్కల సరుకు దించాలని లోకనాథన్ నిర్ణయించాడు. ప్లాస్టిక్ మొక్క ఎవరి చేతిలోనూ చావదని ఆయన వాదన. వాటిని కత్తిరించి పళ్ళెంలాంటి తొట్టిలోకి మారిస్తే మంచి బోన్సాయ్ అవుతాయని, కొత్తవాళ్ళు కూడా పెంచుకోవచ్చని యోగిత వాదన. చిన్నపిల్లగా ఉన్నప్పటి నుంచీ ఆ చెట్లకు ఆమే నీళ్ళు పోసింది. అయితే ఏమీ తెలియనివాడికి ఒకటిచ్చి చూడు, నెల తర్వాత బతికుంటే మిగతావి ఉంచుతాను, చస్తే నరికిస్తాను అని తండ్రి పందెం పెట్టాడు. ఊళ్ళో అంత ఏమీ తెలియనివాడు ఎక్కడ దొరుకుతాడా అని రెండు రోజులుగా తండ్రీకూతుళ్ళు చూస్తున్నారు.

కరెంటు ఆఫీసులో గుమాస్తా అయిన గుణశేఖరన్‌ను ఎంచుకోవడంలో ఇద్దరికీ పేచీ రాలేదు. పందెం సంగతి చెబితే అతనూ ఒప్పుకున్నాడు.

ఆదివారం వాటిలో చిన్నదాన్ని తవ్వి తీసి, తొట్టిలోకి మార్చారు. సంచి కోసేసరికి వేళ్ళు లోపల చుట్టలు చుట్టుకుని కొబ్బరిపీచు ముద్దలా ఉన్నాయి. యోగిత రంపంతో అడుగుభాగం కోసేసింది. తెల్లటి పాలు కారాయి. రక్తం చూసినట్టు గుణశేఖరన్ ఒక అడుగు వెనక్కి వేశాడు. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని పుల్లలతో వేళ్ళ చిక్కు తీశారు. అతను ఆమె వేలును కూడా వేరనుకుని ఒకసారి లాగాడు. ఆమె అది తన వేలని చెప్పింది. అతను వదిలాడు గాని వెంటనే కాదు.

ఇటుకముక్కలు, ఇసుక, ఎరువు కలిపి పోసి, చెట్టు కదలకుండా తీగతో కట్టి ఇచ్చింది. నీడలో పెట్టమంది, మట్టి ఆరితేనే నీళ్ళు పొయ్యమంది. "పోయిరా అన్నా" అంది. కొనేవాళ్ళందరినీ ఆ ఊళ్ళో అన్నా అనే అంటారని తెలిసినా, స్కూటర్ మీద దారంతా గుణశేఖరన్ ఆ మాట గురించే ఆలోచించాడు.

వారం తిరక్కముందే చెట్టు ఆకులన్నీ రాల్చేసింది. అతని ఇంటి మిద్దె మీద ఎండుకట్టె మిగిలింది.

యోగితను అడగాలనే ఫోను తీశాడు. అడిగితే చెట్టు పోయిన సంగతి తండ్రికి తెలుస్తుంది, తెలిస్తే పెరడంతా నరికిస్తాడు. ఫోను జేబులో పెట్టేశాడు. నెల నిండే ముందురోజు స్నేహితుడు మణిమారన్‌ను వేరే నర్సరీకి పంపించి, అలాంటిదే ఇంకో ఫైకస్ కొనిపించాడు. దాన్ని తనకు తోచినట్టు కత్తిరించి తొట్టిలో కూర్చోబెట్టాడు. మర్నాడు తీసుకెళ్ళి లోకనాథన్ ముందు పెట్టాడు.

లోకనాథన్ తొట్టి చుట్టూ తిరిగాడు. నిండా ఆకులు. సరేనని, ప్లాస్టిక్ సరుకువాడికి వద్దని చెప్పడానికి ఫోను తీశాడు.

"ఆగు నాయనా," అంది యోగిత. "ఇది నేనిచ్చిన చెట్టు కాదు. నేను కట్టిన తీగ లేదు."

లోకనాథన్ ఫోను చెవి దగ్గరే ఉంచుకున్నాడు.

"నా చెట్టు యాడ, గుణశేఖరన్?"

ఆమె అన్నా అనలేదని అతను గమనించాడు. సందర్భం బాగాలేనందువల్ల సంతోషించలేదు.

"చచ్చిపొయ్యింది. తీసకపొయిన వారానికే ఆకులన్నీ రాలిపొయినాయి."

"నన్ను అడగొచ్చు గదా."

"అడిగితే చెట్లన్నీ కొట్టేస్తారు. నువ్వు ఏడుస్తావని."

"నేను ఏడ్చేదాన్ని కాదు."

"అయితే నేను ఏడ్చేవాణ్ణి."

ఆ చెట్టును పారేశావా అని యోగిత అడిగింది. మనసు రాలేదని, రోజూ నీళ్ళు పోస్తున్నానని చెప్పాడు.

"చచ్చిన చెట్టుకా?"

"ఆమా," అని ఒప్పుకున్నాడు.

ఆమె చేతులు కడుక్కోకుండానే బండి తీసింది. లోకనాథన్ గుణశేఖరన్ స్కూటర్ వెనక కూర్చున్నాడు. ఉప్పళంలో మిద్దె ఎక్కి, యోగిత ఆ ఎండుకట్టె బెరడును గోటితో గీకింది. కింద పచ్చగా ఉంది. కొమ్మ చివర పెసరగింజంత మొగ్గ.

"చోటు మారిస్తే ఫైకస్ అలుగుతాది," అంది. "ఆకులు రాలుస్తాది. నేనే చెప్పడం మరిచినా."

అప్పుడే కాఫీ గ్లాసులతో గుణశేఖరన్ తల్లి అంబుజం పైకి వచ్చింది. ఆ కట్టెను తీసకపొమ్మని చెప్పండి అని లోకనాథన్‌తో మొదలుపెట్టింది. కొడుకు రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి, "యోగితా, తప్పయిపొయ్యింది" అని చెప్పుకుంటున్నాడట.

"యోగిత ఎవురురా అని అడిగితే చెట్టు పేరమ్మా అన్నాడు," అంది అంబుజం. "నీ పేరేందమ్మా?"

యోగిత కాఫీ ఒక గుక్క తాగి, పేరు చెప్పింది.

అంబుజం గ్లాసుల తట్ట గోడ మీద పెట్టింది. పెద్దవాళ్ళిద్దరూ ఇంటిపేర్లు అడిగి తెలుసుకున్నారు. వేరువేరని తేలింది. ఇది శుభకార్యాలు చేయని ఆడి నెల కనుక పెళ్ళి మాటలు ఎత్తకూడదని ఇద్దరూ ఒప్పుకుని, చాలాసేపు పెళ్ళి మాటలే మాట్లాడారు.

చివరికి అంబుజం తిన్నగా అడిగింది. "నీకు సమ్మతమేనామ్మా? నా కొడుక్కు ఏమీ తెలీదు."

"తెలుసు," అంది యోగిత. "ఈయన్ను అందుకే గదా తీసుకున్నాము."

గుణశేఖరన్ చెట్టుకు నీళ్ళు పోయబోయాడు. మట్టి ఇంకా తడిగానే ఉందని ఆమె చెంబు లాక్కుంది.

లోకనాథన్ మళ్ళీ ఫోను తీసి, ప్లాస్టిక్ సరుకు వద్దని చెప్పాడు.

"చెట్టు బతికిందనా, నాయనా?" అని అడిగింది యోగిత.

"అది కాదు. ఆడి దాటినాక ఆవణిలో వీళ్ళు పిల్లను చూసేదానికి వస్తారు. పెరడు బోడిగా ఉంటే ఏం బాగుంటాది."