రొయ్య బరువు తగ్గితే?

తెనాలి స్టేషన్లో రేపల్లె ప్యాసింజర్ కోసం కూర్చుని శివ నోట్సు రాసుకుంటున్నాడు. పక్కనున్న అమ్మాయి అడగకుండానే అందులోకి తొంగిచూసింది.

"తగ్గితే?" అంది.

"ఏంటండి?"

"కొత్త మేతకి రొయ్య బరువు పెరుగుతుందా అని ఒకవైపు టెస్టే పెట్టారు. తగ్గితే ఏం చేస్తారు?"

పేరైనా చెప్పకుండా తప్పులు పట్టే మనిషిని శివ అంతవరకు చూడలేదు. ఆమె లాస్య, బాపట్లలో స్టాటిస్టిక్స్ చదువుతోంది. అతనిది అడవులదీవి. కాలేజీ ప్రాజెక్టు కోసం వాళ్ల చెరువులో వలలతో పన్నెండు గదులు కట్టి, సగం గదుల్లో కొత్త మేత, సగం గదుల్లో పాత మేత వేయబోతున్నాడు.

"మేత వేస్తే తగ్గడమేంటండి? ఒకవైపే చూస్తే చిన్న పెరుగుదల కూడా దొరుకుతుంది కదా."

"దొరుకుతుంది. కానీ తగ్గిందనుకోండి, పెరిగినట్టు రుజువు లేదని మాత్రమే చెప్పి మీ టెస్టు ఊరుకుంటుంది. అప్పుడు మీ నాన్నగారు ఏమంటారు?"

శివ ఆలోచించాడు. "పెరగకపోతే పోనీలే, చవగ్గా వస్తోంది, అన్ని చెరువుల్లో వేసేద్దాం అంటాడు."

"ఏడాది పంట పోతుంది. రెండువైపులా చూడండి. అదీ తూకానికి ముందే తేల్చుకోవాలి. తూకం చూశాక వైపు ఎంచుకుంటే జవాబు చూసి ప్రశ్న రాసుకున్నట్టే."

రేపల్లె దాకా వాదించుకున్నారు. జల్లు కొట్టి ఇద్దరూ తడిశారు గాని, కిటికీ దించాలన్న ధ్యాస ఎవరికీ లేదు. దిగేముందు శివ 'రెండువైపులా' అని రాసి, కింద ఆమె చేత తేదీ వేయించి సంతకం పెట్టించుకున్నాడు. ఆ సంతకాన్ని ఆ రాత్రి ఎన్నిసార్లు చూసుకున్నాడో లెక్క లేదు.

రెండు నెలలు ఏదో ఒక సందేహం పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్తూనే ఉన్నాడు. చివరికి తూకం వేస్తే కొత్త మేత గదుల్లో బరువు తగ్గింది. ఏదో అటూ ఇటూగా కాదు, టెస్టే తేల్చి చెప్పింది. తండ్రి సింగయ్య కొత్త మేత బస్తాలన్నీ వెనక్కి పంపించేశాడు.

"రెండువైపులా చూడమన్న ఆ పిల్ల రొయ్యల చెరువు ఎప్పుడన్నా చూసిందంట్రా?"

"లేదు నాన్నా."

"అయితే ఆదివారం రమ్మను, చూపిద్దాం."

మర్నాడు బాపట్లలో లైబ్రరీ మెట్ల మీద ఆ కబురు చెప్పి కూడా శివ కదల్లేదు.

"ఇంకో మాటండి. నేనంటే మీకు ఇష్టమేమోనని ఇన్నాళ్లూ ఒకవైపే చూశాను. మీరు నవ్వితే లెక్కలో వేసుకున్నాను, విసుక్కుంటే వదిలేశాను. కాదంటారేమోనని నిన్ననే తోచింది. భయమేసింది. అయినా అడుగుతున్నాను."

లాస్య పుస్తకం మూసి, చెంపలు ఎర్రబడుతుంటే అటు తిరిగింది.

"ఆదివారం మా అమ్మని కూడా తీసుకొస్తానండి. రెండు నెలల నుంచి నా నోట వినడమే గాని, ఆ శివ ఎలా ఉంటాడో తను చూడలేదట."