కస్తూరి పేరు మీది లారీ

సాయంత్రం నాలుగు గంటలు... అప్పుడే చీకటి!

నవంబర్ అమావాస్య. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ శివార్లలో, పొలం మధ్య ఉన్న రేకుల షెడ్డు మీద ఉరుములు భీకరంగా దొర్లుతున్నాయి. దూలం మీద గుడ్లగూబ ఒకటి రెప్ప వేయకుండా కిందికి చూస్తోంది. కింద, రక్తవర్ణపు ముగ్గు నడుమ, కస్తూరి జుట్టు విరబోసుకుని ఊగుతోంది... ఆమె ఎదుట ఒక కపాలం!

ఆమె భర్త బాపురావు గోడవారన కూలబడి చూస్తున్నాడు. తప్పంతా తనదే.

అతనిది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. సెలవు రోజులన్నీ ఈ షెడ్డుకే. 1954 నాటి లారీ ఒకటి కొని మూడేళ్లు దానికే ధారపోశాడు. తుప్పు తినేసిన అడుగు ఇనుప చట్రాన్ని, అదే చాసిస్‌ని కోసి పారేశాడు. కొత్త చాసిస్ మీద పాత క్యాబిన్ కూర్చోబెట్టి, కొత్త డీజిల్ ఇంజన్ బిగించాడు. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు వాహనపూజ చేయించాలి కదా! గుడి పూజారికి నెల దాకా తీరిక లేదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో నాటింగ్‌హామ్‌లో ఉండే తిరుపతయ్య అనే పంతులు నంబరిచ్చారు.

"బండి ఎవరి పేరు మీదున్నది సార్? వాళ్ల గోత్రం, నక్షత్రం పంపుండ్రి" అన్నాడు తిరుపతయ్య ఫోన్లో.

బండి కస్తూరి పేరు మీద ఉంది. బాపురావు బుద్ధిగా ఆమె గోత్రం, నక్షత్రం, పుట్టిన వేళతో సహా టైప్ చేసి పంపాడు. ముక్కూ మొహం తెలియని మాంత్రికుడి చేతిలో భార్య ప్రాణాన్ని పెట్టినట్టయింది.

ఈ రోజు వాడు వచ్చి, ఆ పేరుతో సంకల్పం చెప్పాడో లేదో, కస్తూరి కళ్లు తేలేసింది.

"ఇది మా అమ్మ సత్యమ్మ పుర్రె" అన్నాడు తిరుపతయ్య, కపాలాన్ని చేతుల్లోకి తీసుకుంటూ. "ఆమెకు తెల్వని మంత్రం లేకుండె. ఆఖరి మంత్రం నాకు చెప్పకుండనే సచ్చిపోయింది. చెప్పేదాంక ఈ ఒంట్ల కూసోబెడ్త. లారీకి మీరు చేసిందే నేను చేస్తున్న సార్. పాతదానికి కొత్త చాసిస్."

"మరి నా భార్య?"

"కోసి పారేసిన ఇనుము ఏమైతది? గదే."

బాపురావు పాక్కుంటూ కస్తూరి దగ్గరికి వెళ్లాడు. ఆమె కంఠంలోంచి ఒక ముసలి మూలుగు వస్తోంది. దాంట్లో క్రౌర్యం లేదు... అంతులేని అలసట ఉంది.

"అమ్మా... మీకు రావాలని ఉందా?" అని అడిగాడు.

ఊగుతున్న తల ఆగిపోయింది.

"లేదు బిడ్డా" అంది ముసలి గొంతు. "పదేండ్లాయె... నా పుర్రె బొక్క పట్టుకొని గుంజుతనే ఉన్నడు. నన్నెవ్వలు అడగలే."

మరుక్షణం పెళపెళమని పిడుగు! తాళంచెవి తిప్పకుండానే లారీ ఇంజన్ గర్జించింది. కస్తూరి చెయ్యి తిరుపతయ్య వైపు సాగింది.

"దా కొడుకా... ఆఖరి మంత్రం చెప్త."

కపాలం నిప్పుకణికై తిరుపతయ్య అరచేతులకు అతుక్కుపోయింది. ఎంత విదిలించినా రాలేదు. వాడి ఆర్తనాదానికి రేకులు కంపించాయి. అది బూడిదై రాలేసరికి వాడూ నేలకొరిగాడు.

"ఏమండీ, నేనెందుకు కింద పడున్నాను?" అంది కస్తూరి, తన గొంతుతోనే. బాపురావు ఆమెను గుండెకు హత్తుకుని భోరుమన్నాడు.

ఇంజన్ మాత్రం డీజిల్ పైపు ఊడదీస్తే గాని ఆగలేదు. ఆ తర్వాత అతను ఆ లారీని స్టార్ట్ చెయ్యలేదు, అమ్మనూ లేదు. అప్పుడప్పుడు వెళ్లి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడతాడు. నీకు మళ్లీ బతకాలని ఉందా అని దాన్ని అడగాలనుకుంటాడు... జవాబు వస్తుందేమోనని భయపడి, షెడ్డుకు తాళం వేసి వచ్చేస్తాడు.