లైట్లు ఆర్పే మలుపు

గని నుంచి రాయి కొట్టే మిషను దాకా పోయే మట్టిరోడ్డులో ఒక మలుపు ఉంది. ఒకవైపు అడవి. రెండోవైపు తవ్వి వదిలేసిన పాత గుంట, నిండా నీళ్లు. ఆ మలుపు పేరెత్తితే డ్రైవర్లు ఉమ్మేసి మాట మార్చేవాళ్లు. రాత్రిపూట అడవివైపు నుంచి రెండు కళ్లు చూస్తాయట... మనిషి ఎత్తులో, రెప్ప వెయ్యకుండా. బండి వెలుగు పడితేనే చూస్తాయి. చూపు కలిసిందా — అంతే.

అందుకని మావాళ్లు ఒక ఉపాయం కనిపెట్టారు. మలుపు రాగానే రాయి మోసే డంపరు లైట్లు ఆర్పెయ్యడం. కళ్లు కనపడకపోతే దెయ్యం లేనట్టే కదా! పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు. లైట్లు ఆర్పి, యాక్సిలరేటరు తొక్కి, గుడ్డిగా తిప్పేసేవాళ్లు. ఒక్కోసారి చీకట్లో బండికి ఏదో ధబ్బున తగిలేది. "తన్నిందిరా!" అనేవాళ్లు. ఆగకూడదు, దిగకూడదు. పొద్దున షెడ్డులో బండ్లు కడిగే ముసలాయన బంపరు సందుల్లోంచి వెంట్రుకలు లాగుతూ, "మీ దెయ్యానికి జుట్టు బాగా రాలుతోందయ్యా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు.

మా తమ్ముడు ఆ మలుపులోనే పోయాడు. డంపరు బోల్తా కొట్టి గుంటలో పడింది. దెయ్యం తన్నిందని అందరూ తేల్చేశారు. నేను ఒప్పుకోలేదు. నాకు మొండివాడని పేరు, ఆ పేరు ఊరికే రాలేదు.

తమ్ముడి రాత్రి డ్యూటీ మా అల్లుడికి పడింది. అన్నం దగ్గర చెప్పాను.

"లైట్లు ఆర్పకు."

"చూపు కలిస్తేనో మామయ్యా?"

"కలిస్తే నమస్కారం పెట్టు. ఆర్పావంటే మాత్రం ఈ గుమ్మం తొక్కకు."

మా అమ్మాయి కూరగిన్నె విసురుగా కింద పెట్టింది. "బాబాయి పోయింది చాలలేదా నాన్నా? నీ పంతానికి మా ఆయన కూడా కావాలా?"

తర్వాత జరిగింది అల్లుడు చెప్పగా విన్నదే.

మలుపు వచ్చింది. వాడి చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోయిందట. వెనక్కి లాక్కున్నాడు. లైట్లు అలాగే ఉంచాడు...

కళ్లు ఉన్నాయి.

రెండు. మనిషి ఎత్తులో. రెప్ప లేదు.

బ్రేకు తొక్కాడు. బండి ఆగింది. కళ్లు కదల్లేదు. వాటి పక్కనే, కాస్త కిందుగా — ఇంకో రెండు.

అప్పుడు వినిపించింది... మలుపు అవతల నుంచి చప్పుడు. నేల అదురుతోంది. దగ్గరికొస్తోంది. కానీ వెలుగు లేదు. చీకటే లేచి మీదికి వస్తున్నట్టుంది.

అది దెయ్యం కాదు. లైట్లు ఆర్పిన డంపరు.

రెండు చేతులూ హారను మీద వేసి నొక్కేశాడు. ఎదుటి బండి కీచుమంటూ పక్కకి కోసుకుపోయింది. అల్లుడి బండి పక్క అద్దాన్ని ఊడబెరుక్కుని, గుంట అంచున ఆగింది.

దిగినవాడు డ్రైవర్లందరికీ పెద్ద. వాడి గొంతుకి భయపడి 'ఉరుము' అంటారు. వస్తూనే, బండి దిగిన అల్లుడి కాలరు పట్టుకున్నాడు.

"లైట్లెందుకు వేశావురా? ఇక్కడ వెలుగు కనపడితే అది దెయ్యమేనని ఇంకా గట్టిగా తొక్కాను! నన్ను చంపి రమ్మన్నాడా మీ మామ?"

"అరవకు..." అల్లుడు గొంతు తగ్గించాడు. "అటు చూడు."

ఆడదుప్పి. పక్కన దాని పిల్ల. ఇంత రభసలోనూ నిలబడే ఉన్నాయి. వాటి ముందు మోకాలెత్తు కర్ర, కర్రకి ఒక గాజుబిళ్ల. ఎర్రగా వెలుగుతోంది.

జంతువుల్ని కాపాడమని గనివాళ్లు పెట్టిన అమ్మాయి ఒకతె ఉండేది. మలుపు పొడుగునా ఆ కర్రలు పాతించింది ఆవిడే. బండి లైటు పడితే గాజుబిళ్ల ఆ వెలుగుని అడవివైపు కొడుతుందని, అది చూసి జంతువు ఆగుతుందని, బండి పోయి మళ్లీ చీకటయ్యాకే నీళ్లకి దాటుతుందని మీటింగులో చెప్పింది. మావాళ్లు ఆ మీటింగులో గురకపెట్టారు. ఆ కర్రల మీద తువ్వాళ్లు ఆరేసుకున్నారు.

అల్లుడికి అదంతా అప్పుడు గుర్తొచ్చింది. చెప్పాడు.

"కథలు" అన్నాడు ఉరుము.

"అయితే లైట్లు ఆర్పు. రెండు బండ్లవీ."

ఉరుము పళ్లు కొరుకుతూ వెళ్లి ఆర్పాడు. ఇంజన్లు కూడా కట్టేశాడు.

చిమ్మచీకటి... కాసేపు ఏమీ లేదు.

తర్వాత గిట్టలు. టక్... టక్... నేరుగా రోడ్డు మీదికి. రెండు బండ్ల మధ్య నుంచి, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. వేడి ఊపిరి ఒకటి ఉరుము మోచేతికి తగిలి పోయింది. వెనకాలే చిన్న గిట్టలు, తొందర తొందరగా. కింద గుంటలో నీళ్లు కదిలాయి.

ఆ చీకట్లో ఉరుము గుసగుసలాడడం అల్లుడు మొదటిసారి విన్నాడట.

"ఒరే... అయితే ఇన్నాళ్లూ నా బండిని తన్నింది...?"

అల్లుడు బండెక్కి లైట్లు వేశాడు. ఆ వెలుగు తిన్నగా ఉరుము మొహం మీద పడింది.

"పొద్దున షెడ్డుకి పో. బండ్లు కడిగే ముసలాయన్ని అడుగు. మా చిన్నమామయ్య బంపరులోంచి కూడా వెంట్రుకలు లాగింది ఆయనే. పెద్దవాటివో... పిల్లలవో... అడిగి తెలుసుకో."